ఉలిక్కిపడని ఆంటీ

అండాలు ఒళ్ళు ప్రపంచంలో నాలుగు వందల ప్రయోగశాలలకు తెలుసు. ఆమె ఎడమ మోకాలు ఎంతవరకు వంగుతుందో టోక్యోలో తెలుసు, కుడి భుజం ఎక్కడ పట్టేస్తుందో బెర్లిన్‌లో తెలుసు. పేరు మాత్రం తెలియదు. అందరికీ ఆమె ‘ఆంటీ’. ఫైలు పేరు అదే కాబట్టి. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పన్నెండేళ్ళ కిందట ఆమె నేల తుడిచి, టీ కాచి ఇచ్చేది. అక్కడి పిల్లలంతా ఆంటీ అనేవారు. ఫైలు దాచేటప్పుడు నోటికొచ్చిన ఆ మాటే కొట్టేశారు. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళకు లేచి పక్కగదిలోకి వెళ్ళి, నీ పేరేమిటమ్మా అని అడిగే తీరిక ఎక్కడుంటుంది?

కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించే శాస్త్రం వాళ్ళది. గుడ్డ ఎలా ఎగరాలి, నీళ్ళు ఎలా చిందాలి, మంట ఎలా పాకాలి అని లెక్కలు కడతారు. ఎవరి లెక్క మేలైనదో తేలాలంటే అందరూ ఒకే వస్తువు మీద పరీక్షించాలి కదా. అందుకోసం వెనకటికి ఒక టీ కెటిల్ ఉండేది, ఒక మట్టి కుందేలు ఉండేది. ఆ కుందేలును వాళ్ళు కరిగించారు, పగలగొట్టారు, ముక్కలు కోశారు, పిండిలా పిసికారు. మట్టిది కనుక ఎవరికీ ఏమీ అనిపించలేదు. చేతులు అలా అలవాటు పడ్డాయి. కుందేలు స్థానంలోకి మనిషి వచ్చాక కూడా ఆ చేతులు ఆగలేదు.

మనిషిని తెచ్చింది భార్గవి. అప్పుడామె ఆ సంస్థలో పీహెచ్‌డీ విద్యార్థిని, ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. దెబ్బ మీదికి వస్తుంటే ఒళ్ళు ఎలా బెదురుతుందో బొమ్మకు నేర్పాలని ఆమె పట్టుదల. తోటి విద్యార్థుల్ని తొంభై కెమెరాల మధ్య నిలబెట్టి స్పాంజి బంతులు విసిరితే వాళ్ళు పకపకా నవ్వేవారు. వస్తుందని తెలిసిన బంతికి ఎవరు బెదురుతారు? ఒకరోజు బల్ల మీది లావుపాటి పుస్తకం దబ్బున కింద పడింది. మూలన ఖాళీ కప్పులు ఏరుతున్న అండాలు ఎడమచెయ్యి చెవి మీదికి పోయింది, కుడి భుజం పైకి లేచింది, తల లోపలికి ముడుచుకుంది. అంతా రెప్పపాటులో. భార్గవి కళ్ళు మెరిశాయి.

ఆ తర్వాత ఆరు వారాలు అండాలు ఒంటినిండా కెమెరాలు గుర్తుపట్టే చుక్కలు అతికించి, కాళ్ళకింది చాప లాగారు, వీపు మీద మంచుముక్క పెట్టారు, చెవి పక్కన బెలూన్లు పగలగొట్టారు. ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం చేయించుకున్నారు. పిల్లలేదో ఆడుకుంటున్నారులే అని ఆమె కూడా నవ్వుతూ నిలబడింది. ఇంత బాగా బెదరడం ఈ మనిషికి ఎక్కడ అబ్బిందని ఒక్కరూ అడగలేదు. తాగొచ్చే తండ్రి ఇంట్లో అబ్బింది.

ఆమె రూపుతో, ఆమె బెదురుతో రెండేళ్ళకు తయారైన బొమ్మను భార్గవి ఊరికే అందరికీ ఇచ్చేసింది. షరతు ఒక్కటే. వాడుకున్నవాళ్ళు, తమ దగ్గర బొమ్మ కొత్తగా నేర్చుకున్నదాన్ని తిరిగి ఉమ్మడిలో కలపాలి. ఒకచోట నేర్చింది మరుక్షణం అన్నిచోట్లా నేర్చేస్తుంది. ఇలా పంచుకోవడమంటే ఆ శాస్త్రజ్ఞులకు మహా గర్వం.

*

ఈ ఏడు వాళ్ళ అంతర్జాతీయ సదస్సు హైదరాబాదులోనే పెట్టారు. మూడు వేల మంది దిగారు. ఆంటీకి పదేళ్ళు నిండాయని, అసలు ఆంటీని అందరికీ చూపిద్దామని కారు పంపి అండాలును పిలిపించారు. ఆమె ఇప్పుడొక సర్కారు బడిలో మధ్యాహ్నభోజనం వండుతోంది. సెలవు చెప్పి, గద్వాల చీర కట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర సఫియా అనే అమ్మాయి ఎదురొచ్చి మెడలో కార్డు వేసింది. సఫియా భార్గవి దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల.

“ఏం రాసిండ్రు బిడ్డా దీనిమీద?”

“ఆంటీ అని ఉందమ్మా.”

“నాకు పేరు లేదా?”

సఫియా ముఖం చిన్నబోయింది. “మార్పిస్త” అంది కానీ, అప్పటికే లోపల దీపాలు తగ్గిస్తున్నారు.

మొదటిరోజు పదేళ్ళ ప్రయోగాలన్నీ గుదిగుచ్చి తెర మీద వేసి నవ్వుకోవడం వాళ్ళ సరదా. ముందువరసలో కూర్చున్న అండాలు తెర మీది అండాలును చూసింది. అదే ముక్కు, అదే నడుం, పన్నెండేళ్ళ కిందటి వయసు. బొమ్మ మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చింది. అండాలుకు కూడా నవ్వొచ్చింది. తర్వాత లారీ వచ్చి గుద్దింది. వడగళ్ళు కురిపించారు. ఇటుకగోడను మీదికి కూల్చారు. గుడ్డకు మంట అంటుకునే తీరు చూపడానికి చీరకు నిప్పు పెట్టారు, కుచ్చిళ్ళ దగ్గర మొదలుపెట్టి. మైనంలా కరిగించారు, ముందు వేళ్ళు, తర్వాత ముఖం. ప్రతిసారీ ఆ ఎడమచెయ్యి చెవి మీదికి పోతోంది, ఆ కుడి భుజం లేస్తోంది. మూడు వేల మంది పడీ పడీ నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. వేదిక మీద భార్గవి, తన పెళ్ళి వీడియో ఎవరో వేసినట్టు సిగ్గుపడుతూ నవ్వుతోంది.

చీర అంటుకున్నప్పుడే అండాలు నవ్వు ఆగిపోయింది. లేచి ఆ తెరను చింపి పోగులు పెట్టాలనిపించింది. అంతలో చివరి బొమ్మలు వచ్చాయి. ఈసారి బంతి వచ్చి ముఖానికి తగిలింది, చెయ్యి లేవలేదు. మంట కుచ్చిళ్ళెక్కింది, కాలు కదపలేదు. చూస్తూ నిలబడింది. హాల్లో అయ్యో అని ఒక మూలుగు, వెనకే మళ్ళీ నవ్వు.

“ఏమైంది దానికి?” అండాలు సఫియా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏడాది సంది అట్లనే అయిందమ్మా. బెదరడం మానేసింది. తప్పెక్కడుందో అని అందరం వెతికినం. తప్పేం లేదు. దానికి మేం నేర్పింది ఒక్కటే, దెబ్బ తగ్గేటట్టు చూసుకొమ్మని. కోట్లసార్లు చెయ్యి అడ్డం పెట్టి చూసింది. ఒక్కసారి కూడా తగ్గలేదు. అందుకని ఊకుంది.”

“పాతదే మళ్ళ పెట్టుకోరాదు?”

“కుదరదు. పప్పులో ఉప్పు కలిసినట్టు అంతా కలిసిపోయింది. అందుకే మిమ్మల్ని పిలిచింది. రేపు స్టేజి మీద మీకు కదలికలు పట్టే డ్రెస్సు తొడిగి బంతులు వేస్తరు. అసలు మనిషి కదలిక గనక, మీరు గంటసేపు చేసింది ఆ పదేళ్ళదాన్ని మించి ఎక్కుతది. బెదరడం మళ్ళా వస్తది.”

“వస్తే?”

సఫియా తల దించుకుంది. “మళ్ళా మొదటినుంచమ్మా.”

*

సాయంత్రం బోరబండలోని రెండుగదుల ఇంట్లో అండాలు అక్క మణెమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్ళు మొగుడి చేత దెబ్బలు తిని, అతను పోయాక చెల్లెలి దగ్గరికి చేరింది. అండాలు చీర మార్చుకుంటుంటే మోచెయ్యి తగిలి అర మీది స్టీలు బిందె జారింది. మణెమ్మకు జానెడు దూరంలో ఢామ్మని పడి, నాలుగు గుండ్రాలు తిరిగింది. అండాలు చెయ్యి ఎప్పట్లాగే చెవి మీదికి పోయింది. మణెమ్మ రెప్ప వెయ్యలేదు. చేతిలోని ఈనె తీయడం పూర్తిచేసి, ఇంకో కాయ అందుకుంది.

ఆమెకు చెవుడేమో అని అండాలు రెండుసార్లు డాక్టరుకు చూపించింది. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఇన్నాళ్ళూ అండాలు అక్కది మొద్దుతనమనుకుంది. ఒక్కోసారి విసుక్కుంది కూడా. ఇప్పుడు ఎదురుగా వచ్చి చతికిలబడింది.

“అక్కా, బావ కొడుతుంటె ముందుగాల చెయ్యి అడ్డం పెడుతుంటివి గద. ఎప్పుడు మానినవ్?”

మణెమ్మ ఆలోచించింది, ఎవరో పాత ఇంటినంబరు అడిగినట్టు. “పెద్దోడు పుట్టినంకననుకుంట. అడ్డం పెడితే ఇంకో రెండు ఎక్కువ పడుతుండె. ఊకుంటే జెల్ది అయిపోతుండె.”

“నొస్తలేకుండెనా?”

“నొయ్యకేం? నొచ్చుడు నొచ్చుడే.”

అండాలు లేచి నీళ్ళగది తలుపు వేసుకుని, నల్లా విప్పి ఏడ్చింది. దుఃఖం కాసేపే. ఆ తర్వాత వచ్చింది కోపం. బావ మీద, తండ్రి మీద, చీరకు నిప్పు పెట్టి మంట అందాన్ని మెచ్చుకున్న ఆ మూడు వేల మంది మీద, అన్నిటికన్నా ముందు నవ్వుతూ సంతకం పెట్టిన తన మీద. తన అక్కను ఒక్కడు ఇరవై ఏళ్ళు కొట్టి చేసిన పనిని వీళ్ళు నాలుగు వందల చోట్ల, శాస్త్రమని పేరు పెట్టి చేశారు. పైగా చెయ్యి అడ్డం పెట్టడం మానేసిందని దాన్ని చెడిపోయిందంటున్నారు.

*

మర్నాడు వేదిక వెనక గదిలో భార్గవి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. అప్పుడే ఏదో బహుమతి ప్రకటించారు కాబోలు, ముఖం వెలిగిపోతోంది.

“మేడం, దాన్ని ఆపెయ్యుండ్రి” అంది అండాలు. “ఇంకెవ్వలు ముట్టద్దు దాన్ని.”

“అదేమిటి ఆంటీ! నిన్న చూసి భయపడ్డారా? అది మీరు కాదండీ. అంకెలు, అంతే. దానికి నొప్పి ఉండదు.”

“అంకెలైతే మళ్ళ నేనెందుకు? ఆ అంకెలనే అడుగుండ్రి బెదురుమని.”

భార్గవి ముఖం ఎర్రబడింది. “మీకు అర్థమయ్యేలా ఎలా చెప్పను... ఆపడం నా చేతుల్లో లేదు. నాలుగు వందల చోట్ల ఉంది. మీరు కాదంటే వాళ్ళు మానేస్తారనుకుంటున్నారా? మనీలాలో ఇంకొకామెను చూసి పెట్టుకున్నారు. మీ బొమ్మను కూడా వదలరు. కదలకుండా నిలబడేదాని మీద మంట లెక్క ఇంకా సులువు.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇది నా జీవితం ఆంటీ. మీ దయవల్లే కదా నేనింతదాన్నయింది. ఈ ఒక్కసారి.”

ఆ నీళ్ళు దొంగనీళ్ళు కావు. భార్గవి చెడ్డమనిషి కాదు. అప్పట్లో అండాలుకు జ్వరమొస్తే తనే మాత్రలు తెచ్చి ఇచ్చేది. ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. చెడ్డవాళ్ళయితే తిట్టి బయటికి నడవొచ్చు. ఇంత మంచిపిల్ల, పదేళ్ళపాటు తన రూపం కాలుతుంటే రోజూ చూసి, రంగు బాగా కుదిరిందా లేదా అని మాత్రమే ఆలోచించింది.

కాదని వెళ్ళిపోతే ఆ బొమ్మ అలాగే చెయ్యెత్తకుండా తగలబడుతుంటుంది. ఒప్పుకుని బెదిరితే మొదటి దెబ్బ నుంచి మళ్ళీ మొదలు.

“తొడుగు బిడ్డా” అంది అండాలు సఫియాతో.

భార్గవి ఊపిరి పీల్చుకుని వేదిక మీదికి వెళ్ళింది. సఫియా నల్లటి బిగుతు డ్రెస్సు తొడిగి, కీళ్ళ దగ్గర తీగలు బిగించసాగింది.

“నేనేం జేస్తే అది అదే నేర్చుకుంటదా?”

“అవునమ్మా.”

“బెదురుడు ఒక్కటేనా, ఏదైనా నేర్చుకుంటదా?”

సఫియా చేతులు ఆగాయి. తలెత్తి అండాలు ముఖంలోకి చూసింది. “ఏదైనా” అని, రెండో మణికట్టు తీగను ఇంకాస్త గట్టిగా బిగించింది.

*

వేదిక మీద పది అడుగుల దూరంలో బంతులు విసిరే యంత్రం పెట్టారు, గాలితో ఊదేది. అండాలు నిలబడాల్సిన చోట నేల మీద తెల్లటి గుర్తు వేశారు. వెనక తెర నిండా కిటికీల్లాంటి గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో దేశపు ప్రయోగశాల, ఒక్కో దానిలో అదే ఆంటీ, చేతులు వేలాడేసుకుని. సదస్సు అధ్యక్షుడు, పొడుగాటి తెల్లాయన, ఏదో చమత్కారం చెప్పి అందరినీ నవ్వించి, చెయ్యి ఊపాడు.

మొదటి బంతి వచ్చింది. అండాలు ఎంత బిగబట్టుకున్నా ఎడమచెయ్యి చెవి మీదికి ఎగిరిపోయింది. గళ్ళన్నిటిలో ఎడమచేతులు కాస్త కాస్త లేచాయి. హాలు హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది. భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అండాలుకు తన చెయ్యి మీదే పట్టరాని కోపం వచ్చింది. చిన్నప్పుడు తండ్రి చెప్పుచేతల్లో పెట్టుకున్న చెయ్యి ఇంకా వాడి మాటే వింటోంది. రెండో బంతికి కళ్ళు మూయలేదు. బంతి చెంపకు తగిలింది, చెయ్యి సగంలో ఆగింది. మూడోదానికి అరచేత్తో ఒక్కటిచ్చింది. అది ఎగిరి ముందువరసలో పడింది. ఎవరో నవ్వారు.

అండాలు తెల్లగుర్తు దాటింది.

“ఆంటీ, గుర్తు మీదే నిలబడండి!” భార్గవి కేక వేసింది.

యంత్రం ఆగలేదు. ఒక బంతి ఛాతీకి, ఒకటి నుదుటికి తగిలాయి. అండాలు వాటి మధ్యనుంచే నడిచి వెళ్ళి, యంత్రం మూతి పట్టుకుని కిందికి వంచి, దాన్ని పక్కకు తోసేసింది. అది దడాలున పడి బంతులన్నీ దొర్లాయి. పనివాడొకడు పరిగెత్తుకొచ్చి దాన్ని లేపి నిలబెట్టాడు. అండాలు గుర్తు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ నడిచొచ్చి, మళ్ళీ తోసింది. ఒకసారి చేస్తే ఎక్కుతుందో లేదో ఆమెకు తెలియదు. పిల్లలకు ఎక్కాలు వల్లె వేయించినట్టు ఐదుసార్లు వేయించింది. ఇదేదో హాస్యమనుకుని జనం మూడోసారి దాకా చప్పట్లు కొట్టారు. నాలుగోసారికి చప్పట్లు పలచబడ్డాయి.

ఐదోసారి తోశాక ఆయాసం వచ్చి, అండాలు అధ్యక్షుడి కుర్చీలో కూలబడింది. సఫియా వచ్చి తీగలు విప్పింది.

అప్పుడు మొదలైంది. బెర్లిన్ గడిలో ఎవరో అలవాటుగా మంట పెట్టారు. బొమ్మ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మంటలోంచే నడిచి వెళ్ళి, నిప్పు పుట్టేచోటును కాలితో తన్నింది. మంట ఆరిపోయింది. ఆ కుర్రవాడు ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తన్నింది. ఇంకో గడిలో నీళ్ళు వదిలారు. బొమ్మ వెళ్ళి తూముకు అడ్డంగా కూర్చుంది. అధ్యక్షుడు మైకు పట్టుకుని ఏదో అంటున్నాడు, ఎవరూ వినడం లేదు.

సియోల్ వాళ్ళది అన్నిటికన్నా పెద్ద గడి. తొక్కిసలాట లెక్క కోసం వాళ్ళు గాజుగదిలో వెయ్యిమంది ఆంటీలను పోసి పెట్టారు. ఒకరి మీద ఒకరు నలిగి గుట్టపడాలి. పడలేదు. వెయ్యిమందీ లేచి నిలబడి ఒకేవైపు తిరిగారు. వెయ్యి కుడిభుజాలు ఒకే గోడకు ఆనాయి. ఆ గాజు ఎంత బరువుకు పగలాలో కూడా వాళ్ళే లెక్కకట్టి పెట్టారు, పాపం, చాలా కచ్చితంగా. ముందు సన్నటి గీత పడింది. ఆపైన గోడ మొత్తం భళ్ళున పగిలింది.

ఆ చప్పుడు హాల్లోని స్పీకర్లన్నిటిలోంచి ఒక్కసారి వచ్చింది. మూడు వేల మంది కుర్చీల్లో ముడుచుకుపోయారు. తలలు వంగాయి, భుజాలు లేచాయి, చేతులు చెవుల మీదికి పోయాయి.

భార్గవి పరిగెత్తుకొచ్చి అండాలు కాళ్ళ దగ్గర కూలబడింది. “ఆపండి ఆంటీ! మీకు పుణ్యముంటుంది, ఆపండి!”

“నేనాపి చానాసేపయింది మేడం” అంది అండాలు. సఫియా విప్పిన తీగల్ని అప్పటికే చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. తెర మీద వెయ్యిమంది గాజుపెంకుల్ని తొక్కుకుంటూ బయటికి వస్తున్నారు. “ఇగ మీరే చెప్పుండ్రి దానికి. ఇంటదేమో చూడుండ్రి.”